అందించని మాట

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్ల కోసం ముందుగా నాలుగు ముక్కలు. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

నాటక సమాజంలో చిలకది పన్నెండేళ్ల పాటు తెరచాటు స్టూలు మీది బతుకు. వేదిక మీద నటులు మాట మరిచిపోతే, పక్కనుంచి జనానికి వినపడకుండా ఆ మాట అందించడం ఆమె పని. ఏ నాటకంలో ఎవరు ఎక్కడ ఏమనాలో పుస్తకం చూడకుండా చెప్పేది గనక అందరూ ఆమెను చిలక అన్నారు. ఆమెను ఆ పనిలోకి తెచ్చిందీ, మొదట్లో తన ఇంట్లో గది ఇచ్చిందీ, మాటను ఎక్కడ విరవాలో ఎక్కడ మింగాలో నేర్పిందీ పెద్దక్క. సమాజానికల్లా పెద్ద నటి. ముప్ఫై ఏళ్లుగా ‘రాజసోదరి’ అనే పాత విషాద నాటకానికి నాయిక. చూపు పోయిన అన్నగారిని కోటగోడ మీద చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, అంచు దాకా వచ్చాక ఆ చెయ్యి వదిలేసి, తానే సింహాసనం ఎక్కిన ఆడదాని కథ అది. ఆర్నెల్ల కిందట ఒక ప్రదర్శనలో, మూడో అంకం మధ్యలో, పెద్దక్క మాట మరిచి నిలబడిపోయింది. ఆ మాట చిలక నాలుక కొసన ఉంది. చిలక అందించలేదు. నిమిషం గడిచింది, తెర పడింది. మర్నాటి నుంచి రాణి కిరీటం చిలక నెత్తికెక్కింది. సమాజాన్ని నడిపే మాస్టారే స్వయంగా పెట్టారు. ఎల్లుండి సాయంత్రం ఊళ్లోకెల్లా పెద్ద హాలులో ఆమె యాభయ్యో ప్రదర్శన.

కిందటి వారం భాగం చివర, రిహార్సల్ మధ్యలో ఆమె చేతికి ఒక చీటీ వచ్చింది. ‘ఒకసారి ఇంటికి రా. నాటకం ప్రతి వెంట తెచ్చుకో. పెద్దక్క.’

* * *

ఆ ఇంటి మెట్లు చిలకకు కంఠతా వచ్చు. మొత్తం డెబ్భై రెండు. రెండో అంతస్తు మలుపులో మూడో మెట్టు అంచు విరిగి ఉంటుంది, అక్కడ పాదం కాస్త లోపలికి వెయ్యాలి. లిఫ్టు తలుపు మీద ‘పనిచేయదు’ అని అంటించిన కాగితం ఎండకి పసుపు తిరిగి, ఇక ఆ జబ్బు నయమయ్యేది కాదని తనే ఒప్పుకున్నట్టుంది.

మధ్యాహ్నం రెండయింది. చేతిసంచిలో నాటకం ప్రతి బరువుగా ఉంది. గుడ్డ అట్ట వేసిన పాత పుస్తకం. పన్నెండేళ్ల పాటు దాని అంచుల్లో చిలక పెన్సిలుతో రాసుకున్న గుర్తులే సగం. ‘ఇక్కడ ఊపిరి.’ ‘రెండు లెక్కపెట్టాక.’ ‘పెద్దక్క ఇక్కడ తడబడొచ్చు.’

ఎక్కుతూ ఎక్కుతూనే ఆమె మాటలు సిద్ధం చేసుకుంది. మొదటి అంతస్తులో, గడప దాటగానే కాళ్ల మీద పడి, మనసులోనే, ఏడ్చేసింది. రెండో అంతస్తుకి ఆ ఏడుపు తనకే నాటకంలా తోచింది. అప్పుడు, నింపాదిగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేయడం మంచిదనుకుంది. మూడో అంతస్తుకి వచ్చేసరికి, అసలు ఆవిడ పిలిచింది దీనికోసమేనని ఎందుకనుకోవాలి, ఏదో పాత చీరలు సర్దుతూ తలుచుకుని ఉంటుంది అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి. నాలుగో అంతస్తులో గంట నొక్కే సమయానికి ఆమె దగ్గర ఒక్క మాటా మిగల్లేదు.

అసలు ఈమధ్య ఆమెకు మాట్లాడే అలవాటే తప్పిపోతోంది. స్టూలు మీద కూర్చున్న రోజుల్లో మధ్యాహ్నం డబ్బాలు విప్పితే అందరి చేతులూ ఆమె డబ్బాలోనే ఉండేవి. రంగులు పూసే ముసలాయన వచ్చే పోయే దారిలో ఆమె ముక్కు కొసన ఎర్ర చుక్క పెట్టి పోయేవాడు. ఇప్పుడు ఆమె గదిలోకి అడుగు పెడితే నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపి లేచి నిలబడతారు. అందరికీ గ్లాసుల్లో టీ వస్తే, ఆమెకు సాసరు మూత పెట్టిన కప్పులో, విడిగా, తలుపు తట్టి మరీ వస్తుంది. ముసలాయన ముఖానికి రంగు వేస్తూ, “ఇటు తిరుగుతారా మేడమ్” అంటాడు. చిలకా అని ఎవరైనా పిలిచి ఆర్నెల్లయింది.

తలుపు తీసింది పెద్దక్క తమ్ముడు. వాచీలు బాగుచేస్తాడు. పెళ్లి చేసుకోలేదు, అక్కతోనే ఉంటాడు. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదికి తోసుకుని ఉంది.

“రామ్మా. మెట్లెక్కి రొప్పుతున్నావు, ముందు కూర్చో,” అన్నాడు. ఆర్నెల్లుగా ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే బాగుండేది.

పెద్దక్క కిటికీ పక్క పేము కుర్చీలో ఉంది. జుట్టుకి రంగు మానేసింది, తల ముగ్గుబుట్టలా ఉంది. ముఖం మాత్రం కడిగిన అద్దంలా తేటగా ఉంది. చిలకను చూడగానే రెండు చేతులూ చాపింది.

“చిలకా. ఏంటే ఇంత చిక్కిపోయావు? రాణివి, తిండికేం తక్కువ?”

చిలక వంగి ఆ చేతులు పట్టుకుంది. ఆరు నెలల తర్వాత ఆమెకు తన పేరు వినపడింది.

“రాలేకపోయాను పెద్దక్కా,” అంది.

“నాకు తెలీదా? వరసగా ప్రదర్శనలు. నేనే పిలవలేదు. పిలిస్తే వస్తావని తెలుసు, నీ గొంతుకి విశ్రాంతి అక్కర్లేదా అని ఊరుకున్నాను. వేడినీళ్లు తాగుతున్నావా? రెండో అంకం తర్వాత మాట్లాడకుండా ఉంటున్నావా?”

“మాట్లాడేవాళ్లు ఎవరున్నారులెండి.”

పెద్దక్క ఆ జవాబును కాసేపు పరీక్షగా చూసింది. “అవును,” అంది చివరికి. “ఆ పాత్ర వేసినన్నాళ్లూ నాకూ అంతే. జనం నీ దగ్గరికి రారు. నువ్వు అన్నని చంపిన మనిషివి మరి. నేను వాళ్లని నవ్వించి నవ్వించి దగ్గరికి లాక్కునేదాన్ని. నీకు ఆ విద్య చేతకాదు.”

తమ్ముడు రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టి, అవతలి గదిలోకి వెళ్లి తన బల్ల ముందు కూర్చున్నాడు. పెద్దక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“ఎందుకు పిలిచానో చెప్తాను విను. ఆ రోజు తర్వాత నేను ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను.”

“చెవులకేమయింది?”

“ఏమవుతుంది? నువ్వు మాట అందించావు, నాకు వినపడలేదు. అంటే చెవులు పోయినట్టేగా. గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, ఎక్కడో చీమ తుమ్మినట్టు చిన్నచిన్న చప్పుళ్లు వినిపించారు. ఒక్కటీ వదిలిపెట్టలేదు నేను. మీవి పాతికేళ్ల పిల్ల చెవులమ్మా, ఇంటికెళ్లండి అన్నాడాయన.” పెద్దక్క నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ముఖం పక్కకు తిప్పుకుంది. “చెవులు బాగున్నాయంటే తేడా లోపల అన్నమాట. ఇంకో డాక్టరుకి చూపించుకున్నాం. ఆయన చాలా ప్రశ్నలు వేశాడు. మాట మరవడం పెద్ద సంగతి కాదట. ఈ వయసులో ఎవరైనా మరుస్తారట. కానీ పక్కనుంచి అందించినా అందుకోలేకపోయానే, అదీ రోగం. ఇకమీద అది పెరగడమే గానీ తరగడం ఉండదన్నాడు. బిళ్లలిచ్చాడు. అవి వేసుకుంటే రోజంతా దూదిలో చుట్టి పెట్టినట్టుంటుంది. పగలు ఎప్పుడు పోతుందో తెలీదు.”

చిలక టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

ఆర్నెల్లుగా ఆమె రకరకాలుగా ఊహించుకుంది. పెద్దక్కకు అనుమానం వచ్చిందని, నలుగురికీ చెప్పిందని, ఒకరోజు ప్రేక్షకుల్లోంచి లేచి వేలు చూపిస్తుందని. ఆ నిమిషాన్ని పెద్దక్క ఇలా అర్థం చేసుకుని ఉంటుందని, చెయ్యని తప్పు వెతుక్కుంటూ తన తలనే తవ్వుకుంటోందని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

“నిన్నా ఇవాళా బిళ్ల వేసుకోలేదు,” అంది పెద్దక్క మరీ మెల్లగా. “తమ్ముడికి చెప్పకు. తలంతా తేటగా ఉంది. ఒక్కసారి చూసుకోవాలి నేను. మూడో అంకం మొదటినుంచి చెప్తాను, నువ్వు పుస్తకం పట్టుకో. ఎక్కడైనా ఆగితే అందించు. అందుతుందో లేదో తేలిపోతుంది. తేలితే ఇక మనసుకి సర్దిచెప్పుకుంటాను.”

చిలక పుస్తకం తెరిచింది. ఆ పేజీ దానంతటదే విచ్చుకుంది.

పెద్దక్క లేచి నిలబడింది. గదిలో మూడడుగుల ఖాళీ ఉంది. ఒక పక్క మంచం, ఒక పక్క మడతపెట్టని బట్టల కుప్ప. ఆవిడ కళ్లు మూసి తెరిచింది. అంతే, ఆ మూడడుగులూ కోటగోడ అయిపోయాయి.

“దీపములు తెండు. ఇంకను తెండు. ఇంత వెలుతురులోను నా చేయి నాకు కానవచ్చుట లేదు.”

గొంతు పెంచలేదు. అవతలి గదిలో ఉన్న మనిషికి సైతం వినపడనంత తక్కువలో మొదలుపెట్టింది. చిలక ఈ మాటల్ని నలభై తొమ్మిది సార్లు వేదిక మీద చెప్పింది. ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి. తను ఆ రాణిని భయపడుతున్న ఆడదానిగా ఆడింది. పెద్దక్క రాణికి భయం లేదు. ఆవిడ అలసిపోయి ఉంది. కావలసింది దొరికాక, దాన్ని చూపించుకోవడానికి ఒక్క మనిషి కూడా లేక, సేవకుల్ని ఏదో పని మీద పిలుస్తూ ఉంది. దీపాలు తెమ్మనడం దీపాల కోసం కాదు, ఎవరో ఒకరు గదిలోకి రావడం కోసం. పన్నెండేళ్లు తెరచాటున కూర్చుని విన్న ఈ సంగతి చిలకకు ఈ మధ్యాహ్నం గాని అర్థం కాలేదు. బహుశా ఇప్పుడే అర్థం కావలసిన బతుకు తను బతుకుతోంది కాబట్టి.

“అన్న నన్ను చెల్లీ యని పిలిచెడివాడు. ఇప్పుడు వేయిమంది దేవీ యనుచున్నారు. చెల్లీ యనువాడు లేడు.”

పెద్దక్క ఆగింది.

సరిగ్గా అక్కడే. ఆ రోజు ఆగింది ఇక్కడే. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. పెదవులు విడివడ్డాయి, మాట రాలేదు. కళ్లలోకి నెమ్మదిగా ఒక బెదురు ఎక్కుతోంది. ఇది నటన కాదని చిలకకు తెలుసు. ఆ ముఖాన్ని ఆమె ఒకసారి చూసింది.

ఈసారి చిలక ఒక్క ఊపిరి కూడా ఆగలేదు.

“పిలుచువారు లేని...”

“పిలుచువారు లేని పేరు నాకెందులకు? తీసికొనిపొండు. ఈ పేరును, ఈ దండమును, ఈ గద్దెను తీసికొనిపొండు.” పెద్దక్క గొంతు ఆ మాటను పట్టుకుని నీళ్లలో చేపలా జారిపోయింది. అంకం చివరి దాకా ఎక్కడా తడబడలేదు. ఆఖరి వాక్యం అయ్యాక అలాగే నిలబడి, మెల్లగా కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

“వినపడింది,” అంది.

చిలక పుస్తకం మూసింది.

“ఎంత స్పష్టంగా వినపడిందే. గుసగుసగానే అన్నావు కదా? అయినా గంట కొట్టినట్టు వినపడింది. అందుకున్నాను కూడా.” ఆవిడ ముఖంలో సంతోషం పొంగి, సగంలో ఆగిపోయింది. “మరి ఆ రోజు ఎందుకు వినపడలేదు?”

కిటికీ బయట ఎవరో కారు తలుపు వేశారు. అవతలి గదిలో తమ్ముడు ఏదో సన్నటి పనిముట్టును బల్ల మీద పెట్టిన చప్పుడు.

“చిలకా, నిన్ను అనుమానించి అడగడం లేదు. పన్నెండేళ్లలో నువ్వు ఒక్క మాట జారవిడిచింది లేదు. జ్వరంతో వచ్చి అందించిన రోజులున్నాయి. ఒకటే చెప్పు. ఆ రోజు ఎప్పటిలాగే అందించావా? లేక నీకూ గొంతు పట్టేసిందా, పేజీ తప్పిందా? అయినా తప్పేం లేదు. నాకు తెలిస్తే చాలు.”

ఎంత పెద్ద తలుపు తీసి పెట్టింది ఆవిడ. పేజీ తప్పిందంటే చాలు. పచ్చి అబద్ధమే అయినా పెద్దక్క బతికిపోయేది. కానీ పేజీ తప్పిందంటే పెద్దక్కకు రోగం లేదని అర్థం. రోగం లేకపోతే ఎల్లుండి ఆ కిరీటం ఎవరిది? ఈ లెక్కంతా చిలక వేసుకుందనలేం. కనురెప్ప వాలి లేచేంతలో అది దానంతటదే వేసుకుపోయింది. తేలు కుట్టిన దొంగ మూలగడు. నోరు తనకు తెలియకుండానే తెరుచుకుంది.

“అందించాను పెద్దక్కా. ఎప్పటిలాగే.”

పెద్దక్క తల ఊపింది. రెండుసార్లు, మూడుసార్లు. “సరే,” అంది. “అయితే రోగమే.” తర్వాత మామూలుగా, పక్కింటి సంగతేదో చెబుతున్నట్టు, “ఒక్కో రోజు బాగుంటుందట, ఒక్కో రోజు ఉండదట. ఇవాళ బాగున్న రోజు. నువ్వు వచ్చిన రోజే బాగుంది, అదీ నా అదృష్టం,” అంది.

లేచి, అలమరలోంచి సీసా తీసి, ఒక బిళ్ల అరచేతిలో వేసుకుంది.

* * *

చిలక ఎలా సెలవు తీసుకుందో, చెప్పులెలా వేసుకుందో ఆమెకే తెలియదు. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి అడుగుల చప్పుడు వినపడింది. పెద్దక్క తమ్ముడు. చేతిలో నాటకం ప్రతి.

“మరిచిపోయావమ్మా.” పుస్తకం చేతికిచ్చి, వెంటనే వెళ్లలేదు. గోడకానుకుని నిలబడ్డాడు. వంగి పని చేసే మనిషికి ఉండే మెడ నొప్పి ఆయన నిలబడ్డ తీరులోనే తెలుస్తుంది. “లోపల కూర్చుని అంతా విన్నాను. నాకు వినపడదనుకుని అక్క మెల్లగా మాట్లాడింది గానీ, ఆ గోడ అట్టముక్క.”

“బిళ్లల సంగతి...”

“తెలుసులే. సీసాలో ఎన్నున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాను. అడగాలనిపించలేదు. ఈ రెండ్రోజులూ అక్క పాటలు పాడుకుంది, నా బల్ల తుడిచింది. అది చూసి నాకూ ఆశ పుట్టింది. ఏమో, డాక్టరే పొరబడ్డాడేమో అని.” ఆయన ముక్కు మీద చెమట తుడుచుకున్నాడు. “ఊరి బయట ఒక ఆశ్రమం ఉందమ్మా. ఇలాంటివాళ్లని చూసుకుంటారు. రేపు పొద్దున వచ్చి కాగితాల మీద సంతకం పెడతామని చెప్పాను. నేను ఒక్కణ్ని, పని మీద కూర్చుంటే లోకం తెలీదు. ఒకరోజు ఆవిడ పొయ్యి వెలిగించి మరిచిపోతే? కానీ రాత్రంతా ఒకటే కొట్టుకుపోయాను. బాగున్న మనిషిని తీసుకెళ్లి అక్కడ పడేస్తున్నానా అని.”

చిలక పుస్తకాన్ని ఛాతీకి అదుముకుని వింటోంది.

“నువ్వు చెప్పాక నాకు మనసు కుదుటపడింది. నువ్వు అబద్ధం చెప్పవు. అందించావన్నావు, అంటే జబ్బు నిజమే. ఇక నేను తప్పు చేస్తున్నానన్న బాధ ఉండదు.” ఆయన చేతులు జోడించలేదు గానీ, జోడించినట్టే ఉంది గొంతు. “నువ్వు రావడం మంచిదయిందమ్మా. నీ మేలు మరిచిపోను.”

ఆయన పైకి వెళ్లిపోయాడు. ఒక్కో మెట్టు ఎక్కుతున్న చప్పుడు పైకి పోయి, తలుపు మూసుకుంది.

చిలక మెట్టు మీద కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే తట్టుకునేది. కొట్టినా తట్టుకునేది. ఆయన కృతజ్ఞత చెప్పి వెళ్లాడు. కింద వీధిలోకి నడిస్తే పది నిమిషాల్లో నాటకశాల. అక్కడ ఆమె గది ఉంది, ఆమె కుర్చీ ఉంది, కప్పులో టీ వస్తుంది. ఎల్లుండి హాలంతా లేచి నిలబడుతుంది. ఆ చప్పట్లయ్యాక, తిరిగి వచ్చి అద్దం ముందు కూర్చుని రంగు తుడుచుకుంటూ ఉంటే, తలుపు తట్టకుండా లోపలికి రాగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్క మనిషినీ తను రేపు పొద్దున ఆశ్రమానికి పంపిస్తోంది.

ఎంతసేపు కూర్చుందో. రెండో అంతస్తులో ఎవరో చెత్తబుట్ట బయట పెట్టడానికి తలుపు తీసి, ఆమెను చూసి, “ఒంట్లో బాగాలేదా?” అని అడిగారు. “బాగానే ఉందండీ,” అని లేచింది. లేచిన మనిషి కిందికి పోలేదు.

ఈసారి మాటలేవీ సిద్ధం చేసుకోలేదు. తలుపు తట్టింది. తమ్ముడు తీశాడు. ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లి, పేము కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. బిళ్ల ఇంకా పెద్దక్క అరచేతిలోనే ఉంది. పక్కన నీళ్ల గ్లాసు.

“అది వేసుకోకండి పెద్దక్కా. మీకు ఏ రోగమూ లేదు. నేను అందించలేదు.”

పెద్దక్కకు అర్థం కాలేదు. “ఏం అందించలేదు?”

“ఆ రోజు. మాట నా నోట్లో ఉంది. పేజీ తప్పలేదు, గొంతు పట్టలేదు. నేను అందించలేదు.”

తమ్ముడు తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాడు. పెద్దక్క చేతిలో బిళ్లను చూసుకుని, దాన్ని జాగ్రత్తగా గ్లాసు పక్కన పెట్టింది.

“ఎందుకే?” అంది. గొంతులో కోపం లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

“ఒక్క క్షణం అనుకున్నాను. ఈవిడ మరిచిపోయింది, నాకు గుర్తుంది, అయినా ఈవిడ వెలుతురులో ఉంది, నేను చీకట్లో ఉన్నాను అని. ఒక్క క్షణమే. తర్వాత అందిద్దామనే అనుకున్నాను. కానీ ఆ క్షణం దాటాక నోరు ఇంకా బరువయింది. ఎందుకాగావని అడుగుతారేమోనని భయం వేసింది. అంతలో తెర పడింది. మర్నాడు ఆ కిరీటం పెడుతుంటే వద్దనాలనుకున్నాను. అనలేదు. అప్పుడూ నోరు రాలేదు.” ఆమె తలెత్తింది. “ఇందాక కూడా అబద్ధమే చెప్పాను.”

పెద్దక్క చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

“ఆ నిమిషంలో నేనేం చేశానో తెలుసా చిలకా? మాట కోసం వెతకలేదు. నీ గొంతు కోసం చూశాను. మాట పోయినా ఫరవాలేదు, చిలక ఉందిగా అనుకున్నాను. తర్వాత ఆర్నెల్లు, దొరకని గొంతు కోసం నా బుర్రలో గదిగదీ తిరిగాను.” ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “నిన్ను ఏమనాలో నాకిప్పుడు తెలీదు. క్షమించానని ఇప్పుడే అంటే అది అబద్ధం అవుతుంది. నువ్వూ అడక్కు. తీరిగ్గా చూసుకుందాం.”

“ఎల్లుండి మీరే వెయ్యండి. నేను మాస్టారికి అంతా చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్లి చెప్తాను.”

మాస్టారు అన్న మాట వినగానే పెద్దక్క మెడ ఇటు తిరిగింది. ముఖంలో దుఃఖం ఎక్కడిదక్కడ ఆగి, దాని కిందనుంచి ఇంకేదో పైకి వచ్చింది.

“ఆగు,” అంది. “నువ్వు అసలు నోరే తెరవలేదా? గుసగుసగా కూడా? సగం మాట కూడా?”

“ఒక్క అక్షరం కూడా లేదు.”

“మర్నాడు పొద్దున్నే మాస్టారు ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు నువ్వు కూర్చున్నావే, అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. పెద్దక్కా, చిలక అందించింది, వేదికకి అవతలి పక్కన నిలబడ్డ నాకే వినపడింది, నీకు వినపడలేదంటే ఇక లాభం లేదు, విశ్రాంతి తీసుకో అని. ఆ మాట విన్నాకే నేను చెవుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.”

ఆర్నెల్లుగా చిలక ఈ పాపం తనదొక్కదానిదే అనుకుంటూ వచ్చింది. దానికి ఇంకొకరు కాపలా ఉన్నారా? ఆ మర్నాడు కిరీటం పెడుతూ మాస్టారు ఆమె కళ్లలోకి చూసి నవ్విన నవ్వు ఇప్పుడు ఇంకోలా కనపడింది.

“నువ్వు నోరే తెరవకపోతే,” అంది పెద్దక్క, ఒక్కో మాటా తూచి, “అతను విన్నది ఎవరి గొంతు?”

గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడు నుదుటి మీది భూతద్దం తీసి చేతిలో పట్టుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

“అక్కా,” అన్నాడు. “బిళ్లలిచ్చిన ఆ రెండో డాక్టరు మనకెలా తెలుసో గుర్తుందా? ఆయన పేరు రాసిచ్చిందీ, ఆశ్రమం వాళ్లతో మాట్లాడి పెట్టిందీ మాస్టారే.”

పెద్దక్క కుర్చీ చేతుల మీద బరువు ఆన్చి లేచింది. ఆర్నెల్లుగా వాడని బయటి చెప్పులు మంచం కింద నుంచి కాలితోనే లాక్కుంది.

“రిహార్సల్ ఎన్నింటికి?”

“అయిదింటికి.”

“నడవండి,” అంది పెద్దక్క. “ఇద్దరూ నాతో రండి. అక్కడికి వెళ్లాక మాత్రం నేను అడిగేదాకా ఎవరూ నోరు విప్పొద్దు.”